ఇంజిన్ కవర్లకు, హెడ్‌కు ఏ పెయింట్ నిలుస్తుంది?

గాజువాక రైడర్:
100 సీసీ ఎయిర్ కూల్డ్ బండి. ఇంజిన్ విప్పి ఉంది. క్లచ్ కవర్, మాగ్నెట్ కవర్, హెడ్, బోరు (సిలిండర్) నలుపు చేయాలి. ఇంతకుముందు కొట్టిన మామూలు స్ప్రే డబ్బా రంగు మూణ్ణెల్లకే బుడగలు లేచింది, గోటితో గీకితే కింద తెల్లటి పొడి. కార్బురేటర్ నుంచి పెట్రోలు కారిన చోట రంగు జిగురైపోయింది. ఈసారి అన్నిటికీ 600 డిగ్రీల హీట్ పెయింట్ కొట్టేయనా? పౌడర్ కోటింగ్ (రంగు పొడి చల్లి ఓవెన్‌లో కరిగించేది) మేలా?

లేత్ షెడ్:
అన్నిటికీ ఒకే పెయింట్ వద్దు బ్రదర్. హీట్ పెయింట్‌లో ఉండేది సిలికాన్ రెసిన్. అది గట్టిపడాలంటే 200 డిగ్రీల దాకా కాగాలి. కవర్లు దాదాపు 100 దగ్గరే ఆగిపోతాయి కాబట్టి అక్కడ అది ఎప్పటికీ మెత్తగానే ఉండి పెట్రోలు గుడ్డకే ఊడొస్తుంది. కవర్లకు ఎపాక్సీ ప్రైమర్, దాని మీద హార్డెనర్ కలిపే టూకే పీయూ (రెండు భాగాల పాలీయూరిథేన్) బ్లాక్. హెడ్, బోరుకు మాత్రం హీట్ పెయింట్, ప్రైమర్ లేకుండా నేరుగా.

ఆ తెల్లపొడి అల్యూమినియం తుప్పే. సముద్రం గాలికి, రంగు చిట్లిన చోట మొదలై లోపల్లోపలే పాకుతుంది. అందుకే అసలు పని రంగు కంటే ముందే ఉంది. కాస్టిక్ సోడా ముట్టుకోవద్దు, అది అల్యూమినియాన్నే తినేస్తుంది. ఇనుప వైర్ బ్రష్ కూడా వద్దు, దాని రేణువులు లోహంలో ఇరుక్కుని తర్వాత తుప్పు మరకలవుతాయి. డీగ్రీజర్‌తో కడిగి, ఆరాక హీట్ గన్‌తో వేడి చేయండి. పాత కాస్టింగ్ (పోత లోహం) రంధ్రాల్లో ఇంకిన ఆయిల్ చెమటలా పైకొస్తుంది. తుడిచి, మళ్లీ వేడి చేసి, గుడ్డకు మరక అంటనంత వరకు చేయాలి. తర్వాత 180 నంబరు, ఆపైన 320 నంబరు ఎమెరీ కాగితంతో రుద్దాలి. ఆఖర్న ఒక గుడ్డతో అసిటోన్ రాసి, అది ఆరకముందే ఇంకో పొడిగుడ్డతో తుడవాలి. అల్యూమినియం మీద ఆక్సైడ్ పొర వెంటనే మళ్లీ పడుతుంది కాబట్టి అదే పూట ప్రైమర్ కొట్టేయండి. ముసురు పట్టిన రోజు మాత్రం పెట్టుకోవద్దు.

పౌడర్ బూత్:
పౌడర్ కవర్లకు బాగుంటుంది, హెడ్, బోరు మీది చల్లబరిచే రెక్కలకు (ఫిన్లకు) వద్దు. 60–80 మైక్రాన్ల మందాన వేడి బయటికి పోవడాన్ని కాస్త తగ్గిస్తుంది. కవర్లకిచ్చినా ముందు బేరింగులు, ఆయిల్ సీళ్లు తీసేయాలి, ప్యాకింగ్ (గాస్కెట్) కూర్చునే అంచులకు, బోల్టు రంధ్రాలకు వేడి తట్టుకునే టేపు, ప్లగ్గులు పెట్టించాలి. పౌడర్ వేయకముందే ఖాళీ కవర్‌ని 200 డిగ్రీల పైన ఓ గంట కాల్చమనండి. లేకుంటే లోపలి గ్యాసు పౌడర్ కరిగేటప్పుడు బయటికొచ్చి సూదిమొన రంధ్రాలు పడతాయి. ఇసుకతో బ్లాస్టింగ్‌కు మాత్రం ఒప్పుకోవద్దు, ఆయిల్ దారిలో ఒక్క రేణువు మిగిలినా బేరింగ్ పోతుంది.

గాజువాక రైడర్:
థాంక్స్ అన్నా. నా దగ్గర ఎచ్ ప్రైమర్ ఉంది, ఎపాక్సీ కింద కొట్టొచ్చా? హెడ్‌ని ఎలా కాల్చాలి?

లేత్ షెడ్:
వద్దు, ఎచ్ ప్రైమర్‌లో ఆసిడ్ ఉంటుంది, ఎపాక్సీ సరిగా గట్టిపడదు. రెండిట్లో ఒకటే. హెడ్‌కు పలుచగా మూడు కోట్లు, మధ్యలో పది నిమిషాలు. మందంగా కొడితే కాగినప్పుడు పొక్కుతుంది. వాల్వ్ సీళ్లు తీసేసి పౌడర్ షాపు ఓవెన్‌లో ముందు 120 డిగ్రీల దగ్గర అరగంట, తర్వాత 200 దగ్గర గంట. వంటింటి ఓవెన్ వాడొద్దు. పీయూ కొట్టేటప్పుడు బయటి నుంచి మంచి గాలి అందించే మాస్కు వాడాలి, హార్డెనర్‌లో ఊపిరితిత్తులకు హాని చేసే ఐసోసయనేట్ ఉంటుంది. వారం ఆగి, పెట్రోలు తడిపిన దూదితో ఓ మూల రుద్దండి. దూదికి నలుపంటకపోతే కవర్లు బిగించుకోవచ్చు.