పుళుమావి వెండి నాణెం మీద ఉన్నది ‘కు’నా, ‘ష’నా?

కరీంనగర్ వాసి:
మ్యూజియంలోని శాతవాహన నాణేలను ఒక్కొక్కటిగా పరిశీలించి వివరాలు రాసుకొంటున్నాను. శాతవాహన రాజు వాసిష్ఠీపుత్ర పుళుమావి వెండి నాణెంపై రాజు ముఖమున్న వైపు ప్రాకృతంలో ‘రఞో వాసిఠిపుతస సిరి పుళుమావిస’ (రాజు, వాసిష్ఠి కొడుకు అయిన శ్రీ పుళుమావి యొక్క) అని ఉంటుంది. ఉజ్జయిని గుర్తు (నాలుగు కొసల వలయాలున్న కూడిక గుర్తు) ఉన్న వెనుకవైపు అదే సంగతిని దేశభాషలో చెప్పే వరుసలో ‘అరహణ… వాహిఠి మకణ… తిరు పుళుమావి…’ అన్నంతవరకే నా నోట నిలిచింది. మాటల చివర వచ్చే అక్షరం ‘కు’ అనీ ‘ష’ అనీ రెండు పాఠాలు చదివిన గుర్తు. ఏది సరైనది?

బ్రాహ్మి అభిమాని:
నిస్సందేహంగా ‘కు’. ఈ నాణేలపై ఉన్న బ్రాహ్మి లిపిలో ‘క’ కూడిక గుర్తులా ఉంటుంది, దాని పాదం దగ్గర కుడివైపుకు గీత లాగితే ‘కు’ అవుతుంది. ‘ష’కైతే లోపల అడ్డగీత కనబడాలి. అయితే ఆ కాలానికి ‘క’ నిలువుగీత కిందికి సాగి వంపు తిరిగింది కాబట్టి, అరిగిన నాణెంపై పొరబడినవారిని తప్పుపట్టలేము.

వ్యాకరణ విద్యార్థి:
లిపి సరే, అర్థం కూడా ‘కు’నే బలపరుస్తున్నది. ప్రాకృతంలోని ‘స’ షష్ఠీ విభక్తి, అంటే ‘యొక్క’. మన వ్యాకరణం కూడా ‘కి, కు, యొక్క, లో, లోపల’ అంటూ ‘కు’ను షష్ఠిలోనే చేర్చింది, ‘రామునకు తమ్ముడు’ అన్నప్పుడు మనం చెప్పేది సంబంధమే. ‘మకణకు’లో నాకు ఆ ‘నకు’ స్పష్టంగా వినిపిస్తున్నది, కాబట్టి ఇది తెలుగే అంటాను.

చెన్నపట్నం తెలుగు:
అయ్యా, అక్కడి ‘ణ’ విభక్తిలోది కాదు, అరసన్ (రాజు), మగన్ అనే ప్రాతిపదికలలోనిది. కొడుకు అనే అర్థంలో ‘మగన్’ తమిళంలో ఉన్నది, ‘మగ’ కన్నడంలో ఉన్నది, మనకు మాత్రం ‘మగడు’ భర్త. తమిళంలో ‘క్కు’ కదా అంటారేమో, ప్రాకృతంలోని ‘పుత్త’ను (పుత్రుడు) ‘పుత’ అని రాసే ఆ నాణేలపై ద్విత్వం కోసం వెదకడం వృథా.

గాథాప్రియ:
అరసన్‌లోని ‘స’ ‘అరహణ’లో ‘హ’ అయింది, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. 1882లో ముంబయి దగ్గరి సోపారా స్తూపంలో మరో శాతవాహన రాజు యజ్ఞశ్రీ నాణెం దొరికింది. ఆ రాజు నాణేలపై ‘సిరి’ ‘హిరు’ అయింది, ‘సాతకణి’ ‘హాతకణి’ అయింది. ‘సాత’యే, గాథాసప్తశతిని కూర్చిన శాతవాహన రాజు పేరు ‘హాల’ అయిందన్న వాదం నాకు అందుకే నచ్చుతుంది. ఆ హాలుని గాథలలో బాటసారితో ‘అత్త ఇక్కడ పడుకుంటుంది, నేనిక్కడ’ అనే ఇల్లాలి నోట ‘అత్తా’ అన్న మాట విన్న ప్రతిసారీ అది మన ఇంటి మాటే అనిపిస్తుంది.

వ్యాకరణ విద్యార్థి:
ఆ గాథ నాకూ ప్రాణమే, కానీ ‘అత్తా’ సంస్కృత నిఘంటువులలోనూ ఉన్నది.

చెన్నపట్నం తెలుగు:
గాథలను కాసేపు పక్కన పెట్టండి. మీ ‘కు’ తెలుగే అయితే, ఇకారాంతమైన పుళుమావి తరువాత ‘కి’ రావాలి కదా, హరికి అన్నట్లు? గీత పాదం దగ్గర ఉంటే ‘కు’, తల దగ్గర ఉంటే ‘కి’. చూడవలసినది ఆ ఒక్క అక్షరాన్నే.

కరీంనగర్ వాసి:
ఈ ఉదయం భూతద్దంతో చూశాను. నా ముందున్న నాణెంలో ‘వి’ వరకు చక్కగా ఉన్నది, ఆ తరువాతి అక్షరం దగ్గరే అంచు తెగిపోయింది. పక్క పళ్ళెంలో ఇంకొకటి ఉన్నది, దాన్ని తీయడానికి అనుమతి అడిగాను.