ఎంఆర్ఐ చూసి 60 దాటినవాళ్లకు ఏడీహెచ్‌డీ (ధ్యాస, కుదురు నిలవని సమస్య) ఉందని చెప్పొచ్చా?

పద్మజ_కాకినాడ:
మా మావయ్య గారికి 67. రిటైరయ్యాక ఏ పనీ చివరిదాకా చేయడం లేదు. బ్యాంకు ఫారం సగం నింపి వదిలేస్తారు, మాట మధ్యలో ఇంకెక్కడికో వెళ్లిపోతారు. దారులు, పేర్లు మాత్రం బాగానే గుర్తుంటాయి. బీపీ, షుగర్ ఉన్నాయి. ఎంఆర్ఐలో "ఫజేకాస్ 2, ఎంటీఏ 1" అని రాశారు. ఇది ఏడీహెచ్‌డీయేనా?

న్యూరో_నోట్స్:
స్కాన్‌తో ఏడీహెచ్‌డీ తేలదండీ. 2017లో ఎనిగ్మా అనే అంతర్జాతీయ పరిశోధక బృందం ఏడీహెచ్‌డీ ఉన్న 1,713 మంది మెదళ్లను, లేని 1,529 మందివాటితో పోల్చింది. కాడేట్, పుటామెన్, అమిగ్డాలా లాంటి లోపలి భాగాలు సగటున కాస్త చిన్నవిగా కనిపించాయి. ఆ తేడా ఎంత సన్ననిదంటే, ఒక్కరి స్కాన్ పట్టుకుని ఔననీ కాదనీ అనలేం. అదీ పిల్లల్లోనే, పెద్దల్ని విడిగా చూస్తే లెక్కకు నిలవలేదు. 63 దాటినవాళ్లు అందులో అసలు లేరు.

మీ రిపోర్టులో పట్టించుకోవాల్సింది ఫజేకాస్, అంటే మెదడులోని తెల్ల పదార్థంలో కనిపించే మచ్చలకిచ్చే స్కోరు. 1 అంటే విడివిడి తెల్లచుక్కలు, 2 అంటే అవి కలవడం మొదలైంది, 3 అంటే పెద్ద పట్టీలైపోయాయి. ఎక్కువగా బీపీ, షుగర్ వల్ల సన్న రక్తనాళాలు పాడై వస్తాయి. మెదడు ముందుభాగాన్ని లోపలి కేంద్రాలతో కలిపే దారులు ఈ తెల్ల పదార్థంలోంచే వెళ్తాయి కాబట్టి, అక్కడ దెబ్బ తగిలితే ఆలోచన నెమ్మదిస్తుంది, పని వరుస తప్పుతుంది. చూడ్డానికి అచ్చం ఏడీహెచ్‌డీయే! జ్ఞాపకాలకు ముఖ్యమైన హిప్పోక్యాంపస్ వైపు ఎంత కుంచించుకుపోయిందో చెప్పే ఎంటీఏ స్కోరు 1 మాత్రం ఈ వయసుకి మామూలే.

సైకియాట్రీ_డెస్క్:
అసలు పరీక్ష బాల్యమే. మానసిక సమస్యల నిర్ధారణకు డాక్టర్లు వాడే డీఎస్ఎమ్-5 పుస్తకం ప్రకారం లక్షణాలు 12 ఏళ్లలోపే మొదలవ్వాలి. ఆయన్ని కాదు, చిన్నప్పుడు ఆయనతో పెరిగిన అక్కనో అన్ననో అడగండి: పుస్తకాలు పోగొట్టుకునేవారా, క్లాసులో కుదురుగా ఉండేవారా అని. ఒక చిక్కుంది. ఆఫీసు టైముపట్టీ, గుమాస్తా, భార్య కలిసి నలభై ఏళ్లు మోసిన ఏడీహెచ్‌డీ రిటైర్మెంటుతోనే బయటపడొచ్చు. పెద్దల్లో ఏడీహెచ్‌డీ లక్షణాలు అడిగే ఆరు ప్రశ్నల ఏఎస్‌ఆర్‌ఎస్ ఫారంలో 4 వచ్చినంత మాత్రాన నిర్ధారణ అయినట్టు కాదు. దిగులు, నిద్రలేమి ఉన్నా అంత స్కోరు వస్తుంది.

పద్మజ_కాకినాడ:
పెద్దత్తయ్యని అడిగాను. చిన్నప్పుడు క్లాసు ఫస్టట, పెన్సిలు కూడా పోగొట్టేవారు కాదట. షుగరుకి మెట్‌ఫార్మిన్, రాత్రిపూట నిద్రబిళ్ల ఆల్‌ప్రజోలామ్ 0.25 వాడుతున్నారు. గురక బాగా ఉంది.

సైకియాట్రీ_డెస్క్:
అయితే ఏడీహెచ్‌డీ అయ్యే అవకాశం చాలా తగ్గింది. ముందు బి12: మెట్‌ఫార్మిన్ ఏళ్లతరబడి వాడితే తగ్గుతుంది. 200 (pg/mL) లోపైతే లోపమే. 200-300 మధ్య వస్తే బి12 తగ్గితే రక్తంలో పెరిగే హోమోసిస్టీన్ కూడా చూస్తారు. దాంతోపాటు థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, వినికిడి పరీక్ష. గురకకి స్లీప్ స్టడీ తప్పనిసరి, ఎందుకంటే రాత్రి ఆక్సిజన్ పడిపోతే పగలు ధ్యాస నిలవదు. ఆల్‌ప్రజోలామ్ రెండు విధాలా చెడు చేస్తుంది: మతిమరుపు పెంచుతుంది, గురకలో ఊపిరి ఆగడాన్నీ పెంచవచ్చు. కానీ ఒక్కసారిగా ఆపకండి, ఫిట్స్ రావచ్చు. డాక్టరు వారాల మీద తగ్గిస్తారు. జలుబు బిళ్లల్లోని క్లోర్‌ఫెనిరమైన్, నరాల నొప్పికిచ్చే అమిట్రిప్టిలిన్ ఉన్నాయేమో పట్టీలు చూడండి, అవీ ధ్యాసను మందగింపజేస్తాయి.

న్యూరో_నోట్స్:
ఇంట్లో బీపీ ఏడు రోజులు పొద్దున, రాత్రి రెండేసిసార్లు చూసి రాయండి. మచ్చలు పోవు గానీ బీపీ అదుపులో ఉంటే పెరగడం నెమ్మదిస్తుంది. "ఓసారి వేసి చూద్దాం" అని ఏడీహెచ్‌డీ మందు మిథైల్‌ఫెనిడేట్ అడగొద్దు, బీపీ, గుండె వేగం పెంచుతుంది. మరో ఏడీహెచ్‌డీ మందు ఆటమాక్సెటిన్‌తోనూ అంతే, పైగా ప్రోస్టేట్ సమస్య ఉన్నవాళ్లకు మూత్రం బిగుసుకుపోవచ్చు.