ఆదివారం గిటార్ సాయంత్రం: హాల్ వాళ్ళు కాదంటున్నారు, అర్జెంట్

జయనగర్ అక్క: హాల్ మేనేజర్ ఇప్పుడే ఫోన్ చేశారు. డ్రమ్స్, యాంప్లిఫయర్లు వద్దట, పక్కిళ్ళలో పిల్లలకి పరీక్షలని గొడవైందట. మాట్లాడ్డానికి ఒక మైకు పర్లేదన్నారు. భోజనాల లిస్టు, పోస్టరు ఈ రాత్రికి తేల్చాలి కానీ ముందు ఇది చూడండి, ఎల్లుండే ప్రోగ్రామ్.

మారతహళ్ళి: అదేంటక్కా! ఇంగ్లిష్ రాక్ బ్యాండ్ రేడియోహెడ్ గిటారిస్ట్ జానీ గ్రీన్‌వుడ్ మీద ప్రోగ్రామ్ పెట్టుకుని యాంప్ లేకుండా ఏం వాయిస్తాం, 'క్రీప్'లో కోరస్ ముందు గిటార్ మీద ఆ దెబ్బలు లేకపోతే ఆ పాటే లేదు, పిల్లలు నెలంతా అదే ప్రాక్టీస్ చేశారు.

హోరమావు: అడ్వాన్స్ వెనక్కడిగి ఇంకో హాల్ చూద్దాం.

బనశంకరి బాబాయ్: అడ్వాన్స్ తిరిగివ్వరు, ఇంకో హాల్‌కి మన ఫండ్‌లో డబ్బుల్లేవు. మన సంఘానికి ఈ రాక్ గోల ఎందుకని మొదట్లోనే అడిగాను.

మారతహళ్ళి: గోల అనకండి బాబాయ్. ఉగాదికి స్పీకర్లు మోసింది ఈ పిల్లలే. గ్రీన్‌వుడ్ కూడా చిన్నప్పుడు వయోలా (వయొలిన్ కంటే కాస్త పెద్దది) పట్టుకుని యూత్ ఆర్కెస్ట్రాలో కూచున్నవాడే.

జయనగర్ అక్క: ఇద్దరూ కాస్త ఆగండి, దణ్ణం పెడతా.

యలహంక: నాకైతే ఇది మంచికే అనిపిస్తోంది. ఆయన ప్రయాణంలో గొప్పదనం అక్కడే ఉంది కదా, 1997లో 'ఓకే కంప్యూటర్' ఆల్బమ్‌తో గిటార్ బ్యాండ్‌గా అంత పేరొచ్చాక 2000లో 'కిడ్ ఎ' ఆల్బమ్‌కి గిటార్‌నే వెనక్కి జరిపి ఆయన తీగవాద్యాలకి స్వరాలు రాశాడు. తర్వాత బీబీసీ కాన్సర్ట్ ఆర్కెస్ట్రా కోసం రాసినదాంట్లో రేడియోలో స్టేషన్ దొరకనప్పుడు వచ్చే హోరుని ఉత్త వయొలిన్లు, చెల్లోల (నేలమీద ఆనించి వాయించే పెద్ద వయొలిన్) లాంటి తీగవాద్యాలతోనే పుట్టించాడు! అందులోంచి కొంత 2007లో 'దేర్ విల్ బి బ్లడ్' సినిమాకి వాడుకున్నాడు, ముందే ఉన్న సంగీతం ఉందని ఆస్కార్ పోటీకి తీసుకోలేదు, నాకిప్పటికీ బాధే. ఆ సినిమా మొదట్లో చాలాసేపు మాటలుండవు, భయమంతా ఆ తీగలదే. మనకి వయొలిన్ వాయించేవాళ్ళు ఉన్నారుగా.

మారతహళ్ళి: మరి 'క్రీప్'?

యలహంక: 'ది పవర్ ఆఫ్ ద డాగ్' సినిమాకి చెల్లోని బాంజోలా (గిటార్ లాంటి అమెరికన్ వాద్యం) మీటాడాయన. ఆ దెబ్బలు మనం చెల్లో మీదే కొట్టి చూద్దాం, మిగతాది అకౌస్టిక్ గిటార్లు.

బనశంకరి బాబాయ్: 2015లో జోధ్‌పూర్ మెహ్రాన్‌గఢ్ కోటలో రాజస్థానీ కళాకారులతో కలిసి రికార్డ్ చేసిన 'జునూన్' ఆల్బమ్ మా అబ్బాయి వినిపించాడు. పాటలు కట్టింది ఇజ్రాయెల్ సంగీతకారుడు షై బెన్ త్జుర్, గ్రీన్‌వుడ్ వాళ్ళ మధ్య ఒకడిగా వాయించాడు, అది నాకు నచ్చింది. మీ పిన్ని వీణ తెస్తుంది, డ్రమ్స్ బదులు ఘటం నేను చూసుకుంటా.

మారతహళ్ళి: థాంక్స్ బాబాయ్. ఘటం ఉంటే 'జునూన్'లోది కూడా ఒకటి పట్టొచ్చు, రాత్రికి పిల్లలకి వినిపిస్తా.

జయనగర్ అక్క: అయితే రేపు నాలుగింటికి అందరూ మా ఇంటికి రండి. హోరమావు, నీ కార్లో వీణ పడుతుందా?

హోరమావు: వెనక సీట్ మడిస్తే పడుతుందక్కా. పిన్నిని మూడింటికల్లా రెడీగా ఉండమనండి.