పలికించు విభుండా, పలికించెడివాడా?

అర్ధానుస్వారం: గ్రహాంతరవాసుల దండయాత్ర కథ ఒకటి చదువుతున్నాను. నోళ్ళు మనుషులవి, మాటలు వాళ్ళవి. అప్పటినుంచీ పోతనగారి ‘పలికెడిది భాగవతమట’ కందం నాలుక మీద ఆడుతూ రెండో పాదంలో తడబడుతోంది. ‘పలికించెడివాడు రామభద్రుండట’నా, ‘పలికించు విభుండు’నా?

శకటరేఫ: రెండూ విన్నవే. ‘చెడివా’ సగణం, ‘చువిభుం’ సగణం. యతి ఎలాగూ ‘భద్రుం’ మీదే. గణాలు తీర్పు చెప్పవు. నా ఓటు విభుడికి. ‘వాడు’ దారినపోయేవాడైనా కావచ్చు, విభుడంటే ఆ నోటికి యజమాని.

తలకట్టు: తగువు పడాల్సిన అక్షరం అది కాదండీ, ‘ట’. భాగవతమట, రామభద్రుండట, భవహరమగునట. మూడుసార్లు. ‘పలికెద’ దగ్గరికొచ్చేసరికి మాత్రం లేదు! తనను ఒకడు పలికిస్తున్నాడని విన్నమాటగా చెప్పగలిగినవాడు ఇంకా లోపలే ఉన్నాడన్నమాట. పూర్తిగా ఆక్రమించబడ్డవాడికి ‘అట’ పలకదు.

శకటరేఫ: అది వినయం. దానికి ఇంత బరువెత్తకండి.

తలకట్టు: వినయమే అయితే నాలుగోసారి ఎందుకు మానేశాడో చెప్పండి.

అర్ధానుస్వారం: సరే, ఇంకో చిక్కు. 1956 నాటి ‘ఇన్వేజన్ ఆఫ్ ది బాడీ స్నాచర్స్’ సినిమాలో మారిపోయినవాళ్ళకు పాత జ్ఞాపకాలన్నీ ఉంటాయి, ‘నేను’ అనే అంటారు, అనురాగమే ఉండదు. దీన్ని పరకాయ ప్రవేశం అనొచ్చా?

పొల్లు: కూడదు. పరకాయ ప్రవేశంలో ఒళ్ళు పాతది, లోపలివాడు కొత్త. అందులో పెద్ద పెద్ద కాయల్లోంచి ఒళ్ళే కొత్తగా పుట్టుకొస్తుంది. పరకాయం కాదది, ఉత్త కాయ! హైన్‌లైన్ 1951 నవల ‘ది పప్పెట్ మాస్టర్స్’లో వీపు నంటుకుని నడిపించే జీవులున్నాయే, వాటికైతే ‘పూనకం’ సరిపోతుంది. దిగిపోతే మనిషి మిగులుతాడు.

తలకట్టు: కాయకు మన మాట ‘ఛాయ’. సంజ్ఞ తన బదులు ఛాయను ఉంచి వెళ్తే సూర్యుడు పోల్చలేదు, పిల్లవాడు యముడు పసిగట్టాడు. ఆ సినిమాలోనూ మా అమ్మ కాదని మొదట ఏడ్చేది ఒక పిల్లవాడే.

పొల్లు: ఛాయ దాకా ఎందుకు, పెద్దన మాయాప్రవరుడు లేడూ? వరూధిని వెతుక్కున్న రూపమే వచ్చింది, మనిషి రాలేదు. అసలు ప్రవరుడు ఎప్పుడో ఇల్లు చేరాడు. మనుచరిత్రలో నాకు ఒళ్ళు జలదరించేది అక్కడే, హిమాలయ వర్ణన దగ్గర కాదు.

శకటరేఫ: ‘అటజని కాంచె’ను తక్కువ చేస్తే ఊరుకోను.

తలకట్టు: అక్కడి ‘అట’ వేరు లెండి, ‘అక్కడికి’ అని.

శకటరేఫ: తెలుసండీ. ఇంతకీ ‘వేఱొండు గాథ’లో ‘ఱ’ను మామూలు ‘ర’ చేసేశారు నా దగ్గరున్న ప్రతిలో. ఎవరి దగ్గరైనా బండి ఱ ఉన్న ముద్రణ ఉందా?

అర్ధానుస్వారం: ఉంది. అందులో రెండో పాదం మీదే సిరా ఒలికింది.