తగ్గింపు గడువుకు లెక్క ఏది: బిల్లు పాసైన రోజా, డబ్బు పడిన రోజా?

దుప్పట్ల సప్లయర్:
మా పవర్‌లూమ్‌లలో నేసిన దుప్పట్లు ప్రభుత్వ హాస్టళ్లకు ఇచ్చాను. బిల్లు 3,60,000. "20 రోజుల్లో చెల్లిస్తే 2 శాతం తగ్గింపు" అని కొటేషన్‌లో నేనే రాశాను, నూలు అప్పు తొందరగా తీరితే నాకు వడ్డీ కలిసొస్తుందని. డబ్బు పడింది 71వ రోజున, అదీ 7,200 కోసేసి. అడిగితే "మీ బిల్లు 18వ రోజే పాసైందండీ" అంటూ రిజిస్టర్‌లో సంతకం చూపించారు. ఆ సంతకం పట్టుకెళ్తే నూలు షావుకారు అప్పు మాఫీ చేస్తాడా?

రిటైర్డ్ అకౌంటెంట్:
మీ బాధ న్యాయమే, కానీ ఆఫీసు చేతిలో ఉన్నది బిల్లు పాస్ చేయడం వరకే, నిధుల విడుదల ట్రెజరీ చూసుకోవాలి. పైగా 20 రోజులు ఎప్పటినుంచి? సరుకు దిగిన రోజా, తనిఖీ అయిన రోజా, బిల్లు అందిన రోజా? మీరు రాయలేదు. తగ్గింపు ఎందుకు వదిలేశారని రేపు ఆడిట్‌లో పేరా (రాతపూర్వక అభ్యంతరం) రాస్తే సమాధానం చెప్పుకోవాల్సింది ఆ గుమస్తానే. ఆ టెన్షన్ నేను పడ్డాను.

చిన్న పరిశ్రమవాడు:
సార్, ఆడిట్ భయం సప్లయర్ జేబులోంచి తీర్చుకుంటారా? తగ్గింపు ఇచ్చేదే డబ్బు ముందు చేతికొస్తుందని, అది రానప్పుడు కోత ఎక్కడిది? అమెరికా ఫెడరల్ కాంట్రాక్టుల్లో దీనికి నిబంధనే ఉంది, గడువు ఇన్‌వాయిస్ తేదీ నుంచి మొదలు, చెల్లింపు రోజంటే చెక్కు మీది తేదీ లేదా ఆన్‌లైన్ చెల్లింపు తేదీ, ఫైలు మీద సంతకం తేదీ కాదు. మనకూ చిన్న పరిశ్రమల కోసం 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ఉంది, ఒప్పందంలో ఏం రాసుకున్నా, చెల్లింపు సరుకు అంగీకరించిన రోజు నుంచి 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే 'బ్యాంక్ రేటు'కు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే సరుకు దిగిన రోజే అంగీకరించినట్టు. అన్నా, సరుకు ఇచ్చేనాటికే మీకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా ప్రభుత్వ నమోదు) ఉంటే 7,200 ఒక్కటే కాదు, వడ్డీ కూడా అడగండి, ఇలాంటి బకాయిల తగాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లండి.

దుప్పట్ల సప్లయర్:
రిజిస్ట్రేషన్ ముందే ఉంది. కౌన్సిల్‌కెళ్తే వచ్చే ఏడాది ఆర్డర్ ఇవ్వరేమోనని ఇంట్లో భయపడుతున్నారు, అయినా వెళ్తాను. అకౌంటెంట్ గారన్నదీ ఒప్పుకుంటాను, తేదీ రాయకపోవడం నా తప్పే. ఈసారి కొటేషన్‌లో "సరుకు దిగిన నాటి నుంచి 20 రోజుల్లోగా మా బ్యాంకు ఖాతాలో జమైతేనే" అని రాస్తున్నాను.