సమస్యాపూరణం: మలిన రక్తమ్ము ధమనిలో మసలు నెపుడు

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఇది:

*మలిన రక్తమ్ము ధమనిలో మసలు నెపుడు*

తేటగీతి పాదం. గణాలు ఇవి: మలిన – న, రక్తమ్ము – త, ధమనిలో – నగ, మసలు – న, నెపుడు – న. యతి మ–మ. ధమనుల్లో మంచి రక్తం, సిరల్లో చెడు రక్తం అని బళ్ళో వల్లించిన మాటకు ఈ పాదం ఎదురు తిరుగుతుంది. పూరణ ఛందస్సుకే కాదు, శరీరశాస్త్రానికీ నిలవాలి. "కలియుగంలో అంతా తలకిందులు" లాంటి పూరణలు వద్దు.

కుడిజఠరిక:

గుండె కుడివైపు జఠరిక కుంచితమయి
పుపుసములవైపు నెత్తురు పోవుచుండ
ప్రాణవాయువు తగ్గిన పాయ యదియె
మలిన రక్తమ్ము ధమనిలో మసలు నెపుడు.

గణవిభజన:
నిర్దోషంగా ఉంది. గుం–కుం కవర్గ యతి, పు–పో సరే. ప్రాణవాయువు "లేని" అనకుండా "తగ్గిన" అన్నారు, అక్కడే పద్యం నిలబడింది. ధమని అంటే గుండె నుంచి బయటికి తీసుకుపోయే నాళం, సిర అంటే గుండెకు తెచ్చే నాళం. లోపల పారే రక్తం ఎలాంటిదన్నది నిర్వచనంలో లేనే లేదు. కుడి జఠరిక (గుండె కుడి కింది గది) నుంచి పుపుసాలకు, అంటే ఊపిరితిత్తులకు, పోయే పుపుస ధమనిని బొమ్మలో ఎర్రగా దిద్ది మార్కులు పోగొట్టుకునేవాళ్ళు ఈ ఒక్క మాట మరిచిపోతారు.

నల్లబల్ల:
నా ప్రయత్నం, పెద్దలు సవరించగలరు.

నీలముగ మారు నెత్తురు నిక్కముగను
ప్రాణవాయువు పూర్తిగాఁ బాసినపుడు
కుడి గదులఁ జేరి యటుపైన గుండె వదల
మలిన రక్తమ్ము ధమనిలో మసలు నెపుడు.

తెల్లకోటు:
నల్లబల్ల గారూ, నడక హాయిగా ఉంది కానీ మొదటి రెండు పాదాలూ శాస్త్రానికి నిలవవు. నెత్తురు ఎప్పుడూ నీలంగా మారదు. ప్రాణవాయువు తగ్గితే ముదురు ఎరుపవుతుంది, అంతే. రక్తపరీక్షకు మోచేతి సిర నుంచి తీసిన గొట్టం చూడండి, నేరేడుపండు రసంలా ఉంటుంది తప్ప సిరాలా ఉండదు. మణికట్టు దగ్గర సిరలు నీలంగా అనిపించడం చర్మంలోంచి వెలుగు తిరిగొచ్చే తీరువల్ల. పుస్తకం బొమ్మలో ప్రాణవాయువు తగ్గిన రక్తానికి నీలిరంగు గుర్తు కోసం వేసింది.

ఇక "పూర్తిగా". ధమని రక్తంలో హీమోగ్లోబిన్ 97, 98 శాతం దాకా ప్రాణవాయువుతో నిండి ఉంటుంది. ఒళ్ళంతా తిరిగి కుడి కర్ణికకు (గుండె కుడి పై గదికి) చేరేసరికి, మనిషి ఊరికే కూర్చుని ఉంటే, ఇంకా 75 శాతం దాకా మిగులుతుంది. ఇచ్చింది పాతిక వంతే. పరుగెత్తినప్పుడు కండరాలు లాగేసుకునేది ఆ మిగులులోంచే.

గణవిభజన:
ఆ పాతికనే పద్యంలోకి తెస్తే సరి. మొదటి రెండు పాదాలు ఇలా మారుద్దాం:

ప్రాణవాయువుఁ బాతిక పంచి యిచ్చి
ముదురు టెఱుపయి నెత్తురు ముందు కేఁగి

"ముదురు టెఱుపు"లో టుగాగమం, అంటే రెండు మాటల మధ్య టకారం వచ్చి చేరడం. మూడో పాదం అలాగే ఉంచండి, బాగుంది.

నల్లబల్ల:
ధన్యవాదాలండీ. సవరించుకున్నాను. పిల్లలకు పుపుస ధమనిని బొమ్మలో కాక నిజంగా చూపాలంటే?

తెల్లకోటు:
మేక గుండె చాలు. మాంసం దుకాణంలో ముందే చెప్పాలి: "గుండెను చీల్చొద్దు, పైన గొట్టాలు రెండంగుళాలు ఉంచండి" అని. చెప్పకపోతే గొట్టాలు మొదలంటా కోసి, గుండెను రెండు చీలికలు చేసి ఇస్తారు, అది కూరకే పనికొస్తుంది. నీళ్ళలో పిసికి గడ్డకట్టిన నెత్తురు పోగొట్టండి. ముందువైపు నుంచి చూస్తే కుడి జఠరిక మీంచి లేచి ఎడమకు వంగేది పుపుస ధమని. దాని వెనక నుంచి వచ్చేది మహాధమని, గోడ దళసరి, వదిలేసినా నోరు తెరుచుకునే ఉంటుంది. రెంటినీ కలుపుతూ గట్టి తాడులాంటి పోగు ఒకటి తగులుతుంది. పుట్టక ముందు అది కూడా నాళమే. దాన్ని కొవ్వు అనుకుని గీకెయ్యొద్దు.

ఇప్పుడు జఠరికను కోయకుండానే పుపుస ధమని అంచును రెండు వేళ్ళతో ఎత్తి పట్టి నెమ్మదిగా నీళ్ళు పోయండి. మూడు జేబుల అర్ధచంద్రాకార కవాటం ఉబ్బి మూసుకుంటుంది, నీళ్ళు నిలుస్తాయి. కారిపోతే మూడు కారణాలు: కవాటంలో గడ్డ ఇరుక్కుంది, మొనదేలిన పుల్ల పెట్టి జేబు చింపారు, లేదా దుకాణంలోనే జఠరికకు కత్తి తగిలింది. మొద్దు పెన్సిలే వాడండి. ఆ తరవాత కోసి గోడలు పోల్చండి, ఎడమది కుడిదానికి మూడింతల మందం ఉంటుంది. దీన్ని చూసి కుడివైపు తక్కువ రక్తం పంపుతుందని రాసేవాళ్ళున్నారు. మనిషిలో రెండూ దెబ్బకు 70 మి.లీ. చొప్పునే పంపుతాయి. తేడా ఒత్తిడిలో: మహాధమనిలో 120/80, పుపుస ధమనిలో 25/10 ప్రాంతం.

చేపలచెరువు:

చేప గుండెకు గదులవి చెప్ప రెండె
కలుష రక్తమ్మె యందుండుఁ గదలి యదియె
మొప్పలకుఁ జేర నేఁగును ముందు, గాన
మలిన రక్తమ్ము ధమనిలో మసలు నెపుడు.

గణవిభజన:
భేష్. బొచ్చె, శీలావతి, ఏది కోసినా ఇదే ఏర్పాటు. గుండెకు వచ్చేదీ మలిన రక్తమే, పోయేదీ మలిన రక్తమే. ఊపిరితిత్తుల చేపలను మాత్రం మినహాయించాలి, వాటిలో శుద్ధ రక్తం కొంత గుండెకు తిరిగొస్తుంది. "చెప్ప" కొంచెం పూరకపదమే, అయినా యతి కోసం ఒప్పుకుందాం.

ఉయ్యాల:

తల్లి గర్భాన బిడ్డకుఁ దాను మాయ
యూపిరి యగును, బొడ్డులో నున్న రెండు
ధమనులవి పాప నెత్తురుఁ దల్లి కంపు
మలిన రక్తమ్ము ధమనిలో మసలు నెపుడు.

గణవిభజన:
ఊహ బాగుంది. కానీ "తల్లికి అంపు" కలిసి "తల్లి కంపు" అయింది! చదివేవాళ్ళు ముక్కు మూసుకుంటారు.

తెల్లకోటు:
కంపు సంగతి అటుంచి, నెత్తురు తల్లికి పోదు. బొడ్డుతాడులో రెండు ధమనులు, ఒక సిర. ధమనులు మాయ (గర్భసంచి గోడకు అంటుకుని బిడ్డను పోషించే అవయవం) దాకా వెళ్ళి అక్కడి సన్నటి మొలకల్లో కేశనాళికలుగా, అంటే అతి సన్నటి నాళాలుగా, విడిపోతాయి. తల్లి నెత్తురు ఆ మొలకల బయట. మధ్య పలుచని పొర ఉంటుంది, వాయువులూ పోషకాలూ దాన్ని దాటుతాయి కానీ రెండు నెత్తుళ్ళూ కలవవు.

గణవిభజన:
అయితే మూడో పాదం: *ధమను లా మాయ వైపుగాఁ దరలు, నచట*. రెండు దోషాలూ పోతాయి. ఒక్కటి మిగిలింది, "నెపుడు". పుట్టగానే ఆ ధమనులు ముడుచుకుని మూసుకుంటాయి, ఆనక తాళ్ళలా మిగిలిపోతాయి. బారసాల నాటికే ఈ పూరణ చెల్లదు.

ఉయ్యాల:
ఒప్పుకుంటున్నానండీ. అయితే "ఎపుడు"ను "ఎల్లప్పుడు" అని కాక ప్రశ్నగా తీసుకోవచ్చా?

మాత్ర:
నేను అలాగే తీసుకున్నాను.

ధమని యనఁగానె శుద్ధమే తథ్యమనుచు
పలుకు బాలునిఁ జూచి, యో పంతులయ్య
నీలి గీఁతను వేలితో నిమిరి యడిగె:
"మలిన రక్తమ్ము ధమనిలో మసలు నెపుడు?"

గణవిభజన:
సమస్య నడుం విరిచారు! నీలి గీత అనగానే జవాబు పాఠకుడి నోట్లోకి వచ్చేస్తుంది. "యో" వ్యావహారికం, *పలుకు బాలునిఁ గని యొక పంతులయ్య* అనండి.

వడపోత:
అందరూ "మలినం" అంటే ప్రాణవాయువు కొరతే అనుకుంటున్నారు. నేను వేరే దారి పట్టాను.

మూత్రపిండాల వడపోత ముందు వఱకు
కలిసి యుండును యూరియా కల్మషముగ
వృక్కమునుఁ జేరు దారిలో వింత లేదు
మలిన రక్తమ్ము ధమనిలో మసలు నెపుడు.

గణవిభజన:
వృ–విం యతి చెల్లుతుంది, ఋకారానికి ఇకారంతో మైత్రి ఉంది. మూత్రపిండం, వృక్కం రెండూ ఒకటే కాబట్టి పునరుక్తి. అయినా ఈ వారం నా ఓటు దీనికే.

తెల్లకోటు:
నాదీ. వృక్క ధమనిలో ప్రాణవాయువు పుష్కలం, యూరియా ఎక్కువ. వృక్క సిరలో ప్రాణవాయువు కాస్త తక్కువ, యూరియా తక్కువ. ఏది మంచిది, ఏది చెడ్డది? ఒక చుట్టులో తగ్గే యూరియా సుమారు పదో వంతే సుమా. నిమిషానికి లీటరు పైగా నెత్తురు మళ్ళీ మళ్ళీ రాబట్టి సరిపోతుంది. ఆ మాటకొస్తే లీటరు "శుద్ధ" రక్తంలో ప్రాణవాయువు 200 మి.లీ. అయితే బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) 480 మి.లీ. దాకా ఉంటుంది, "మలిన" రక్తంలో 520. ఈ "మలిన" పదాన్ని పద్యాలకు వదిలేసి, పాఠంలో ప్రాణవాయువు తగ్గిన రక్తం అనడమే నయం.

మాత్ర:
పదాల మాట వచ్చింది గనక: "ధమని"కి మూలం ఊదడం అనే అర్థమున్న ధ్మా ధాతువు. గ్రీకులు "ఆర్టీరియా" అన్న మాటను శ్వాసనాళానికీ వాడారు. చచ్చిన జంతువుల ధమనులు ఖాళీగా కనిపించి, వాటిలో గాలి పారుతుందని నమ్మారు. బతికున్న జంతువు ధమనిలో ఉండేది నెత్తురేనని చూపింది 2వ శతాబ్దపు గ్రీకు వైద్యుడు గేలెన్. అది ఒళ్ళంతా చుట్టి తిరుగుతుందని ఇంగ్లండు వైద్యుడు హార్వే 1628లో చెప్పినా, ధమనికీ సిరకీ మధ్య లంకె ఆయనకు కనబడలేదు. 1661లో ఇటలీ శాస్త్రవేత్త మాల్పీగీ కప్ప ఊపిరితిత్తిలో కేశనాళికలు చూసేదాకా ఆగాల్సి వచ్చింది.

నిర్వాహకుడు:
పూరణలకు గడువు ముగిసింది. వచ్చే వారం సమస్య, మళ్ళీ తేటగీతే:

*స్వచ్ఛ రక్తమ్ము సిరలలో సాగుచుండు*

ఊపిరితిత్తుల నుంచి శుద్ధ రక్తం తెచ్చే పుపుస సిరలు నాలుగూ నిషిద్ధం. బొడ్డుతాడు సిర ఉంది గనక ఉయ్యాల గారికి ఈసారి పని సులువు.