జైలు నుంచి కేసు వేస్తే ఫీజు నిజంగా మాఫీ అవుతుందా?

అర్ధరాత్రి_కాఫీ:
అమెరికాలో స్టేట్ జైల్లో ఉన్న మా మరిది గురించి అడుగుతున్నాను, ఊరూ పేరూ వద్దులెండి. చెయ్యి విరిగి రెండు నెలలైంది, ఇంతవరకూ ఎక్స్‌రే లేదు, అడిగినప్పుడల్లా నొప్పి మాత్ర చేతిలో పెట్టి పంపేస్తున్నారట. సెక్షన్ 1983 కింద, అంటే రాష్ట్ర అధికారులు రాజ్యాంగ హక్కుల్ని కాలరాస్తే వాళ్ల మీద దావా వేయనిచ్చే చట్టం కింద, ఫెడరల్ కోర్టులో తనే కేసు వేస్తానంటున్నాడు. డబ్బు లేనివాళ్లకి ఫీజు ఉండదనుకున్నాం, తీరా ఫామ్ చూస్తే ఆరు నెలల జైలు అకౌంట్ స్టేట్‌మెంట్ అడిగారు. మేం నెలకి 100 డాలర్లు వేస్తాం, సబ్బు, నూడుల్స్, ఫోన్ అన్నీ దాంట్లోనే. ఫీజే లేనప్పుడు ఆ లెక్కలు వాళ్లకెందుకు?

పాత_గుమాస్తా:
మాఫీ కాదండి, వాయిదాలు. 1996లో క్లింటన్ సంతకం పెట్టిన పీఎల్ఆర్ఏ (ఖైదీల కేసులకి కళ్లెం వేసే ప్రిజన్ లిటిగేషన్ రిఫార్మ్ యాక్ట్) చట్టం వచ్చాక, బయట ఉన్న పేదవాడికి మాఫీ దొరుకుతుంది, లోపల ఉన్నవాడు మాత్రం 350 డాలర్లూ కట్టి తీరాలి. ఆరు నెలల్లో నెలకి సగటున పడిన డబ్బు, సగటు బ్యాలెన్సు, ఈ రెండిట్లో ఏది ఎక్కువైతే దాంట్లో 20 శాతం ముందు కట్టాలి. తర్వాత అకౌంట్ 10 డాలర్లు దాటినప్పుడల్లా, కిందటి నెల పడినదాంట్లో 20 శాతం జైలువాళ్లే కోసి కోర్టుకి పంపుతారు. మీ లెక్కన నెలకి 20, అంటే సుమారు ఏడాదిన్నర. మీరే ఒకేసారి కట్టేస్తే 405 అవుతుంది, ఎందుకంటే వాయిదాల వాళ్లకి లేని 55 డాలర్ల అడ్మినిస్ట్రేటివ్ ఫీజు మీకు పడుతుంది. అకౌంట్ సున్నా అయితే కేసు ఆపకూడదని కూడా చట్టంలోనే ఉంది.

వేపచెట్టు_నీడ:
మా తమ్ముడు రెండు కేసులు వేశాడు. అన్నిటికీ కలిపి 20 శాతమే అనుకున్నాం, కాదు, కేసుకి 20. 2016లో సుప్రీంకోర్టు బ్రూస్ కేసులో అదే తేల్చింది. 50 పంపితే 30 మిగిలింది, వాడు ఫోన్ చేసి "అక్కా, ఈసారి తక్కువ వేశావేంటి" అన్నాడు, ఏం చెప్పాలో తోచలేదు. పైగా మొదటి కేసు ప్రతివాదికి నోటీసు కూడా వెళ్లకముందే జడ్జి కొట్టేశారు, కోత మాత్రం ఆగలేదు.

నిజం_చెప్పాలంటే:
ఎవరేమనుకున్నా ఫీజు ఉండాల్సిందే. ఉచితమైతే పీనట్ బటర్ రకం మారిందని కూడా కేసులు వేస్తారు, వేశారు కూడా.

పాత_గుమాస్తా:
ఆ కథ చట్టం తెచ్చినప్పుడు సెనేట్‌లో తెగ వాడారు. తర్వాత జడ్జి జాన్ న్యూమన్ అసలు ఫైలు తీసి చూస్తే, వేరే రకం వచ్చిందని వెనక్కిచ్చిన డబ్బాకి ఆ ఖైదీ అకౌంట్లో 2.50 డాలర్లు కోశారు, రేపు మార్చి ఇస్తామని చెప్పి ఆ రాత్రే అతన్ని ఇంకో జైలుకి పంపేశారు. కేసు ఆ డబ్బు గురించి. లోపల గంటకి కొన్ని సెంట్లే కూలి, 2.50 చిన్నదేం కాదు.

కాఫీ గారూ, ఫీజు కంటే మీరు చూసుకోవాల్సింది గ్రీవెన్స్. జైల్లో ఫిర్యాదు, దాని మీద అప్పీలు, అన్ని మెట్లూ గడువులోపు ఎక్కకుండా కోర్టుకెళ్తే కేసు పోతుంది, ఫీజు తిరిగి రాదు. పసలేదని మూడు కేసులు కొట్టేస్తే ఇక వాయిదాలు కూడా ఇవ్వరు, ఒంటికి తీవ్రమైన గాయం అయ్యే ప్రమాదం ముంచుకొస్తుంటే తప్ప. ప్రతి కాగితానికీ కాపీ ఉంచుకోమనండి.

అర్ధరాత్రి_కాఫీ:
మొదటి గ్రీవెన్స్ తిప్పి పంపారు, అప్పీలుకి గడువు ఇంకా ఉందట, ఆదివారం ఫోన్‌లో చెప్తాను. ఇక నుంచి 125 వేస్తే 25 పోయినా చేతికి 100 మిగులుతుంది కదా?

పాత_గుమాస్తా:
మిగులుతుంది. ఒక్క కేసు ఉన్నంతవరకే.